తెలిసిన పేరైనా అడగాలి

మా మేడం పోయారన్న కబురు నాకు మేడ్చల్ బస్టాండులో ఉండగా అందింది. కాలేజీలో నాతో చదివిన స్వప్న ఫోన్ చేసి, "మేడం ఇక లేరురా" అంది. గుండె ఉన్నట్టుండి ఆగిపోయిందట. మర్నాడు దొరికిన పేపరల్లా కొని జిల్లా పేజీలు తిరగేశాను. ఎవరో నాయకుడు పుట్టినరోజు కేకు కోస్తున్న ఫోటో ఉంది గానీ మేడం గురించి ఒక్క ముక్క లేదు. నాకు మండింది. ఈ నాలుగు మాటలు రాయడానికి ఆ మంటే కారణం. ఆవిడ మీకు తెలియకపోవచ్చు. తన కోడును దాచకుండా అందరికీ తెరిచి ఉంచే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను మీరు వాడుతుంటే మాత్రం, ఆవిడ చేతిపని మీ ఇంట్లోనే ఉంది.

దుండిగల్ దారిలో ఉన్న మా ఇంజనీరింగ్ కాలేజీలో మేడం ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పేవారు, డిపార్ట్‌మెంట్‌కు హెడ్ కూడా. సొంతూరు శామీర్‌పేట. ఇంట్లో ఏ భాషో క్లాసులోనూ అదే భాష.

"కెర్నల్ అంటే ఏంది? ఇంటికి పెద్ద. పొయ్యి కాడ ఎవలుండాలె, మంచం ఎవలకియ్యాలె, బయటికెల్లి వచ్చెటోన్ని రానియ్యాల్నా వద్దా, అన్ని అదే జెప్తది. గా పెద్ద మోసపోతే ఇల్లంత మోసపోయినట్టే."

ల్యాబ్ తలుపు ఎవరైనా తట్టి పేరు చెబితే ఆవిడ ఒప్పుకునేవారు కాదు. "పేరు ఎవడన్న జెప్తడు, మొకం సూపియ్యి" అనేవారు. టిఫిన్ డబ్బాలోంచి జొన్నరొట్టె తుంచుకు తింటూ మా చేత కోడును పైకి చదివించేవారు, బళ్లో పిల్లలు పాఠం చదివినట్టు. "నోటితోని సదువు. కండ్లు దాటేసి పోతయి, నాలుక పోదు." మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేవాళ్లం. తర్వాత తప్పులు నిజంగానే నాలుకకు తగలడం మొదలైంది.

నేను రావల్కోల్ వాణ్ణి. నా సంచిలో పుస్తకాల కంటే కరపత్రాలే ఎక్కువ ఉండేవి. జ్ఞానానికి తాళం వేయడం దొంగతనమని ఎక్కడో చదివాను. ఆ ఒక్క మాట పట్టుకునే ఈ ఆపరేటింగ్ సిస్టమ్ వెంట పడ్డాను. క్యాంటీన్లో నా ఉపన్యాసం విని మేడం ఒకసారి, "మస్తు అరుస్తవు బిడ్డా. అరిసెటోనికి కోడు రాసి కంపైల్ చేసుడు గూడ రావాలె" అని వెళ్లిపోయారు. మరుసటి రోజు నుంచి నేను ఆవిడ ల్యాబ్ వదల్లేదు.

అవి షేర్ ఆటోల్లో కుర్రాళ్లు ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు బ్లూటూత్‌తో పాటలు పంపుకునే రోజులు. రెండు యంత్రాలు మొదటిసారి కలిసేటప్పుడు యజమానిని అడుగుతాయి. ఆయన సరే అంటే, రెంటికీ మాత్రమే తెలిసిన ఒక రహస్య తాళం దాచుకుంటాయి. దీన్నే జత కట్టడం అంటాం. మా ప్రాజెక్టు కోసం సికింద్రాబాద్ ఫుట్‌పాత్ మీద, కంప్యూటర్‌కు గుచ్చితే బ్లూటూత్ వచ్చే చవక డాంగిల్స్ కొనుక్కొచ్చాం. డాంగిల్ పెట్టిన నా కంప్యూటర్ అప్పటికే మేడం కంప్యూటర్‌తో జత కట్టి ఉంది. ఒకరోజు స్వప్న తన కంప్యూటర్‌కు కొత్త డాంగిల్ పెట్టి, మేడం కంప్యూటర్‌తో జత కట్టబోయింది.

"మేడం, ఇదేంటండీ! మీ కంప్యూటర్ ఏమీ అడగలేదు, దానంతటదే కలిసిపోయింది. పైగా నన్ను వీడనుకుంటోంది" అని నా వైపు చూపించింది.

తీరా చూస్తే, తయారుచేసిన మహానుభావుడు ప్రతి డాంగిల్‌కూ వేరుగా ఉండాల్సిన నంబరును అన్నింటికీ ఒకటే కొట్టాడు. ల్యాబంతా నవ్వులు. దుకాణంవాడి మొహాన కొట్టి వద్దామన్నాను. మేడం మాత్రం నవ్వలేదు.

"డాంగిల్ అబద్ధమాడింది, సరే. మన కంప్యూటర్ ఎట్ల నమ్మింది? సదువుండ్రి."

కెర్నల్‌లో ఆ భాగం తెరిచి పైకి చదివాం. స్వప్న నాలుక ఒకచోట ఆగింది. తెలిసిన నంబరుతో వచ్చినవాడు కొత్త తాళం తెస్తే, కెర్నల్ పాత తాళం పారేసి కొత్తది తీసుకుంటోంది. యజమానిని అడగడం లేదు. అంటే మీ బ్లూటూత్ కీబోర్డు నంబరు దొంగిలించినవాడు, గోడ అవతల కూర్చుని మీ కంప్యూటర్ మీద టైపు చేయవచ్చు!

నేను ఎగిరి గంతేశాను. కరపత్రం వేద్దామన్నాను, ఊరూరా పంచుదామన్నాను. సాయంత్రానికి సంగతి కరస్పాండెంట్ సారుకు చేరింది. కాలేజీ ఆయనదే. అడ్మిషన్ల సీజను కదా, విలేకరులను పిలిచి ఆడిటోరియంలో చేసి చూపిద్దామన్నారు.

ఆయన వెళ్లాక మేడం నన్ను ఎగాదిగా చూశారు. "నువ్వు, సారు ఒకటే మాట అంటున్నరు గదరా!"

నా జన్మలో అంత గట్టిగా ఎవరూ తిట్టలేదు.

"తాళం వడ్తలేదని చాటింపేస్తే మొదలు ఉరికొచ్చేది దొంగనే. ముందు తలుపు బాగుచేద్దాం. ఆనంక నీ ఇష్టం, గొంతు వోయెదాంక మొత్తుకో."

కెర్నల్‌లో ఆ భాగాన్ని చూసుకునేవారికి మాత్రమే గుట్టుగా రాసి, ఎవరు కలవబోయినా యజమానిని అడిగేలా మేడం ఒక ప్యాచ్, అంటే సవరణ, పంపారు. అది తిరిగొచ్చింది. ప్రతిసారీ అడిగితే, మీట కూడా లేని ఇయర్‌ఫోన్లు కలవలేక ఆగిపోతాయని ఆ భాగం చూసుకునే ఆయన రాశారు. మనమంటే చులకన అని నేను బల్ల గుద్దాను. "ఆయన జెప్పింది నిజమేరా. కోపం పక్కకు వెట్టి సదువు" అన్నారు మేడం. మళ్లీ రాశారు. తాళం మారితేనే అడగాలి. యజమాని సరే అనేదాకా పాత తాళాన్ని పారేయకూడదు. ఇంతా చేస్తే ఒక పేజీ నిండలేదు. "ప్యాచ్ అంటే పంచర్ అతుకు అసొంటిది. బండి తోలెటోనికి యాదికే రావద్దు" అనేవారు.

కెర్నల్ రాసేవాళ్ల లోకంలో ఒక ఆచారం ఉంది. ప్రతి ప్యాచ్ చివరా రాసినవారు తమ పేరు పెట్టాలి, దీనికి నాది పూచీ అని. పంపబోతుండగా కరస్పాండెంట్ సారు ల్యాబ్‌లోకి వచ్చి కుర్చీ లాక్కున్నారు.

"మేడం, మొదలు నా పేరు వెట్టుండ్రి, దాని కింద మీది. తప్పేమున్నది?"

"రేపు ఎవలన్న గీ లైను గిట్లెందుకు రాసినవని అడుగుతరు సార్. జవాబు మీరు జెప్తరా?"

"జెప్పనీకి మీరున్నరు గద."

"జవాబు నాదైతే సంతకం గూడ నాదే సార్."

"మిమ్ముల హెడ్డును చేసిందెవలో యాదుందా?"

"మీరే సార్. తీసేసుడు గూడ మీ చేతులనే ఉంది." అని ఆవిడ తెర వైపు తిరిగారు. తన పేరు కొట్టారు. కనిపెట్టినవారు అన్న చోట స్వప్న పేరు, పరీక్షించినవారు అన్న చోట నా పేరు పెట్టి, ఆయన చూస్తుండగానే పంపారు.

వారం తిరగకముందే మేడం హెడ్ పదవి పోయింది. ల్యాబ్ తాళాలు తీసుకుని, ఫస్టియర్ వాళ్లకు పాఠం చెప్పమన్నారు. నేను అట్టముక్కలు కోసి నినాదాలు రాశాను, ధర్నాకు. మేడం ఒకటి తీసి చదివి, వెనక్కి ఇచ్చారు.

"తలుపు మీది బోర్డు ఎవడైన పీకుతడురా. గా కోడుల పేరు పీకుమను సూద్దాం."

ప్యాచ్‌ను ఒప్పుకున్నారు. సవరించిన కెర్నల్ విడుదలైన రోజు ఫస్టియర్ వరండాలో నన్ను పిలిచి, "ఇగ మొత్తుకో" అన్నారు. నేను రాసిన కరపత్రంలో 'చరిత్రాత్మకం', 'అద్భుతం' అన్నీ కొట్టేశారు. తన గురించి రాసిన పేరా మొత్తం కొట్టేశారు. తప్పేమిటి, కంప్యూటర్‌లో కొత్త కెర్నల్ ఎలా వేసుకోవాలి, ఆ రెండే ఉంచారు. సుచిత్ర చౌరస్తాలో పంచాం. అలా కొట్టేసిన పేరానే ఇప్పుడు తిరిగి రాస్తున్నాను. కొట్టేయడానికి ఆవిడ లేరు.

దినాలకు ముందు నేనూ స్వప్నా శామీర్‌పేట వెళ్లాం. దండ వేయడానికి ఫోటో కావాలి. మంచిది మేడం కంప్యూటర్‌లోనే ఉంది. దాన్ని ఫోన్‌లోకి ఎక్కించుకుని స్టూడియోకు తీసుకుపోదామని మేడం వాళ్లాయన కూర్చున్నారు. ఆ ఫోన్ ఈమధ్యే రిపేరుకు పోయింది, లోపలున్నదంతా చెరిపేశారట. జత కట్టబోతే తెర మీద ప్రశ్న వచ్చింది: ఈ ఫోన్ తాళం మారింది, ఇది మీకు తెలిసినదేనా?

"నా ఫోనే గద. ఇన్నేండ్ల సంది ఇదే ఇంట్ల ఉన్నది. తెల్వనట్టు అడుగుతాందేంది?" అన్నారు.

స్వప్న చెప్పింది. "అది మేడం రాసిందండీ. తెలిసిన పేరైనా అడగాలని."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. ఆ ప్రశ్నను నెమ్మదిగా, పైకి చదివారు. అవును అన్న మీట మీద వేలు పెట్టి, మళ్లీ తీసేశారు.

"ఉండనీ బిడ్డా. జరసేపు అడగనీ."