పళ్లెం కింద వాగ్దానాలు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒడిశా బరంపురంలో తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా ఉండగా, గిరిసోలలో ముద్రల క్యాంపు నాకు అప్పగించారు. వ్యాపారులు తమ తక్కెడలూ తూకపు రాళ్లూ తెస్తారు. మేం మా ప్రామాణిక రాళ్లతో సరిచూసి, బాగుంటే ముద్ర కొడతాం. తేడా ఉంటే పక్కనే కూర్చున్న లైసెన్సు మెకానిక్కు సరిచేస్తాడు. కావాలని చేసిన తేడా అయితే తక్కెడ జప్తు, పైన కేసు. కోవిడ్ వల్ల అంతకుముందు కొన్నేళ్లు అక్కడ క్యాంపే పెట్టలేదు.

ఈ ఉద్యోగానికి నా అసలు అర్హత డిగ్రీ కాదు. మా నాన్నది గోసాని నువాగాంలో కిరాణా కొట్టు. ఆదివారం చర్చిలో ముందు బెంచీ, సోమవారం నుంచి సరుకు పళ్లెం అడుగున చింతపండు ముద్ద. దేవుడితోనూ నాది కొట్టు భాషే. కొత్త సంవత్సరం ఆరాధనలో మా వాళ్లు ఇంటికో వాగ్దాన కార్డు తీయిస్తారు. అందులోని బైబిలు వాక్యం ఆ ఏడాదికి మనది. నచ్చనిది వస్తే ఇంకోటి తీస్తానని పాస్టరుగారితో బేరమాడినవాణ్ణి నేను.

ఆ ఉదయం చేపలమ్మే సువార్తమ్మ బుట్టతో సహా వచ్చింది. పళ్లేలు తిరగేసి చూస్తే ఒకదాని అడుగున టేపు చుట్టిన దిమ్మ. చింతపండు కొడుకుని కదా, దొంగ దొరికిందని తెగ సంబరపడ్డాను. మాతో వచ్చిన మా పై అధికారి అసిస్టెంట్ కంట్రోలరు, ఒడియా ఆయన, జప్తు చేయమన్నారు. ఆమెకున్నది ఆ ఒక్క తక్కెడే. అది పోతే బుట్టెడు చేప మధ్యాహ్నానికి పాడు, మర్నాటి నుంచి పొయ్యి వెలగడం కష్టం.

టేపు కొస ఎత్తితే కార్డులు కనిపించాయి. ఒకదాని మీద ఒకటి, నాలుగేళ్ల వాగ్దానాలు.

“ఇదేటప్పా?” అన్నాను, మా వైపు అక్కను పిలిచే పిలుపుతో.

“యాపారం కాడ పెబువు దగ్గిరుంటే నా నోరు అదుపులో ఉంటాది బాబూ. ఏటికొకటి అంటిస్తన్నాను.”

అప్పుడు చూశాను, దిమ్మ ఉన్నది రాళ్లు వేసే పళ్లానికి. అంటే ప్రతి తూకానికీ మొగ్గు కొన్నవాడికే. నాలుగేళ్లుగా దేవుడి బరువంతా ఊరి కూరల్లోకి పోతోంది. ఈ సంగతి పై అధికారికి చెప్పాను. తేడా ఎటున్నా తేడాయే అన్నారాయన. రూలు ప్రకారం అదీ నిజమే.

సువార్తమ్మ ఏడవలేదు. పక్కన ఎవరూ లేని చోటికి తిరిగి, పక్క బుట్ట ఆసామితో తగువాడినట్టు, “సూసావా? నీ మూలంగానే వచ్చింది. నువ్వే సూసుకో” అంది. అని, చేపల మీద నీళ్లు చల్లుకుంది.

నేను మాత్రం లోపల బేరం మొదలెట్టాను. ఈయన్ని ఒప్పించు ప్రభువా, నెల్లాళ్లు ఆరాధన ఎగ్గొట్టను. కాసేపాగి రెండు నెలలు చేశాను. పైకి మాత్రం, మోసమంటే లాభం కోసం చేసేదనీ, ఇక్కడ నష్టం ఆమెదేననీ, దీన్ని మరమ్మతు కింద రాయొచ్చనీ వాదించాను. చివరికి ఆయన, పళ్లెం శుభ్రంగా ఉంటేనే ముద్ర అన్నారు.

వాగ్దానాలు గీకెయ్యమని ఒక విశ్వాసికి చెప్పడం నా సర్వీసులో అదే మొదలు. “రెండో పళ్లానికీ అంతే బరువు అంటిస్తే సరిపోయేది గాని, రూలు ఒప్పుకోదప్పా” అని నసిగాను.

నేను ముగించేలోపు ఆమె కత్తి తీసి గీకడం మొదలెట్టింది. కార్డులు పొలుసుల్లో పడ్డాయి.

“భయంగా లేదా?” అన్నాను.

“కాయితం కింద కూకున్నాడేటి బాబూ ఆయన? సేపలోళ్లతోటి తిరిగినోడు. ఈ నీసుకి ఎక్కడికెలిపోతాడు?”

మెకానిక్కు ముల్లు సరిచేశాడు. ముద్ర కొట్టాను. తొమ్మిది గంటలకల్లా ఆమె అమ్మకం మొదలైంది.

తూకంలో తేడా కనబడితే అది ఎవరికి మొగ్గుతోందో చూశాకే మనిషిని అనుమానించాలని ఆ రోజు నేర్చుకున్నాను. అప్పటిదాకా దేవుణ్ణి కటక్‌లో కూర్చునే పై ఆఫీసరనుకుని అర్జీలు పంపేవాణ్ణి. జవాబు రాకపోతే ఫైలు కదల్లేదని దిగులుపడేవాణ్ణి. ఇప్పుడు పక్కనే ఉన్నాడనుకుని మాట్లాడుతున్నాను, దిగులు తగ్గింది. బేరాలు మానలేదు. అరవాల్సిన పని మాత్రం తప్పింది.