ముప్పాళ్ళ వైపు నీటి వంతు

పల్నాడు కొత్త జిల్లా అయ్యాక వచ్చిన తొలి రబీలో నన్ను నరసరావుపేటలోని కాలువల కార్యాలయానికి డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌గా వేశారు. పదవీ విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగు. కిటికీ తెరిస్తే రోడ్డున పోయే లారీల నుంచి ఎండుమిర్చి ఘాటు లోపలికి వచ్చేది. ఇప్పటికీ ఎక్కడ ఆ ఘాటు తగిలినా ఆ గదే గుర్తొస్తుంది.

లస్కర్లు, అంటే కాలువ గట్ల మీద తిరుగుతూ తూములు ఎత్తి దించేవాళ్ళు, నీటిమట్టాలు ఫోన్‌లో చెబితే మేము కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్ళం. డేటాబేస్‌లోనే రాసిపెట్టుకున్న లెక్కల ప్రోగ్రామును స్టోర్డ్ ప్రొసీజర్ అంటారు. అది ఏ పిల్లకాలువకు నీటి వంతో తెర మీద చూపించేది. ఇంజనీరు డీఈ గారు చూసి కిందివాళ్ళకు ఫోన్‌లో చెప్పేవారు. తెర మూస్తే ఆ ఫలితం పోయేది.

ఒక ఉదయం ముప్పాళ్ళ వైపు చివరి భూములకు వంతు వచ్చిందని చెప్పారు. మధ్యాహ్నం కొత్త మట్టాలతో మళ్ళీ నడిపితే అది కాలువ మొదట్లో పొలాలున్న పైవాళ్ళకు మారింది. సాయంత్రానికి రైతులు వచ్చారు. ముందు నిలబడింది మస్తాన్‌వలి, కౌలుకు మిర్చి వేసిన పెద్దాయన.

"పొద్దున మాదన్నారు. కూలోళ్ళను పెట్టి బోదెలు చెక్కిచ్చాం. ఇప్పుడు కాదంటే ఎట్టమ్మా? పూత రాలిపోతంది," అన్నాడు.

వెనకనుంచి ఎవరో, "పైవోళ్ళు ఫోన్ కొట్టుంటార్లే," అన్నారు.

డీఈ గారి ముఖం ఎర్రబడింది. ఉదయం వచ్చిన ఫలితం చూపించగలరా అని నన్నడిగారు.

ఫలితం లేదు గానీ, ఉదయపు మట్టాలు వేళతో సహా పట్టికలో ఉన్నాయి. స్పూల్ అనే ఆదేశమిచ్చి ఆ మట్టాలతోనే ప్రొసీజర్ నడిపితే, తెర మీదికి వచ్చేదంతా టెక్స్ట్ ఫైల్‌లోకీ వెళుతుంది. మొదటి ఫైల్ ఖాళీగా వచ్చింది; ప్రొసీజర్ రాసే వరుసలు కనబడాలంటే ముందుగా సర్వర్ అవుట్‌పుట్ అనే సెట్టింగు ఆన్ చేయాలి. చేశాను. ఈసారి ఊళ్ళ పేర్లన్నీ ప్రశ్నార్థకాలయ్యాయి. రైతులు నా వెనకే నిలబడి చూస్తున్నారు. భాష సెట్టింగును యూనికోడ్‌కు మార్చి మళ్ళీ నడిపాను. తెలుగు అక్షరాలు వచ్చాయి.

మస్తాన్‌వలి తెర మీద వేలు పెట్టి, "ఇదిగో, మాదే," అన్నాడు నెమ్మదిగా.

మధ్యాహ్నపు ఫలితం కూడా అలాగే తీసి, రెండూ ప్రింటు చేసి ఇచ్చాను. డీఈ గారు రెండు కాగితాలూ అందరికీ చదివి వినిపించారు. ఆ రెండు వేళల మధ్య కాలువ మట్టం తగ్గడం తప్ప మారిందేమీ లేదు. ఫోన్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఒకసారి చెప్పిన వంతు పూర్తయ్యేదాకా మార్చేది లేదని ఆయన అక్కడికక్కడే తేల్చి, ముప్పాళ్ళ తూము ఎత్తమని లస్కరుకు చెప్పారు.

మర్నాటి నుంచి రోజూ ఉదయం ఆ ఫైల్ తేదీ పేరుతో దానంతటదే తయారయ్యేలా పెట్టాను. అది ఊళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది. మస్తాన్‌వలి నరసరావుపేటకు వచ్చినప్పుడల్లా గుమ్మం దగ్గర ఆగి, "మిసను బాగుందా అమ్మా?" అనేవాడు. నీళ్ళు అందాయా అని నేనడిగేదాన్ని. ఉద్యోగంలో నేను బాగా ఇష్టపడ్డ పలకరింపు అది.

లెక్క సరిగా వస్తే నా పని అయిపోయినట్టే అని అంతకుముందు అనుకునేదాన్ని. దాన్ని నమ్ముకుని పొలం తడుపుకునే మనిషి చదువుకునేలా బయటికి తీసి ఇచ్చాకే అయినట్టని అక్కడ నేర్చుకున్నాను.