ఎదురింటి పసుపు గులాబి

మొన్న మందులకని పటాన్‌చెరు బజారుకు వెళ్లి వస్తుంటే, పూలకొట్టు ముందు ప్లాస్టిక్ బకెట్లో పసుపు గులాబీలు కట్టలు కట్టలుగా కనిపించాయి. ఒక్కరూ ఆగి చూడటం లేదు. కొట్టతను కూడా ఫోన్లో మాట్లాడుకుంటూ వాటి మీద ఇన్ని నీళ్లు చిలకరిస్తున్నాడు. అలాంటి ఒక్క పువ్వు కోసం ఏడాదంతా నా కడుపు రగిలిపోయిందంటే అతనికేం అర్థమవుతుంది? మీరంతా నా ఈడువాళ్లు, మీకైతే చెప్పుకోవచ్చు.

డెబ్బైల మొదట్లో కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి మా వారి ఫ్యాక్టరీ క్వార్టర్సుకు కాపురానికి వచ్చేసరికి, మా వీధి ఆడవాళ్లందరికీ గులాబీల పిచ్చి. పక్కూరు చిట్కుల్ నుంచి బండి మీద పశువుల ఎరువు తెప్పించి, బియ్యం కడిగిన నీళ్లు పోసి పెంచిన నా ఎర్ర గులాబీలంటే నాకు తగని గర్వం. ఎదురింటి అక్కయ్య హైదరాబాదు నర్సరీ నుంచి పసుపు రంగు హైబ్రిడ్ టీ రకం గులాబి మొక్క తెచ్చేదాకానే ఆ గర్వం. ఆవిడ సంగారెడ్డి షావుకార్ల ఆడపడుచు, దేంట్లోనూ ఒకరి వెనక ఉండే మనిషి కాదు.

మొదటి పువ్వు విచ్చిన రోజు వీధి వీధంతా వాళ్ల గేటు దగ్గరే. అరచేతి వెడల్పున, అప్పుడే కాచిన నెయ్యి రంగులో ఉంది. నా గులాబీలు ఎరుపో తెలుపో కూడా ఎరగని మా వారు సైకిలు దిగి మరీ చూసొచ్చి, అన్నం దగ్గర కూడా దాని ముచ్చటే. వాసన లేని పువ్వు పువ్వేనా అన్నాను. అందని ద్రాక్ష పుల్లనే కదా మరి.

మా వీధిలో ఒక ఆనవాయితీ ఉండేది. దసరా వెళ్లాక మొక్కలు కత్తిరించి, ఆ కొమ్మలు గోడ మీదుగా ఒకరికొకరు ఇచ్చుకునేవాళ్లం. కొమ్మ మీది చిగురు కన్ను తీసి అడవి గులాబీకి అంటు కడితే ఆ రకం మన ఇంటికీ వచ్చేది. ఆ ఏడు నేను కాఫీ కూడా తాగకుండా గుమ్మంలో కాచుకుని కూర్చున్నాను. అక్కయ్య కత్తిరించిన కొమ్మలన్నీ పోగేసి, నేను చూస్తుండగానే నీళ్లపొయ్యిలో పెట్టేసింది.

"రోగమొచ్చిన కొమ్మలు, చెల్లె. నీ చెట్లకు గిట్ల అంటుకుంటే పరేషాన్" అంది. రోగం కొమ్మలకో మనిషికో నాకు తెలియదా!

తరవాత ఆ మొక్క మొదట్లోంచి కొత్త కొమ్మ ఒకటి బయల్దేరి చూస్తుండగానే గోడ ఎత్తు దాటింది. ఆవిడ దానికి కర్ర పాతి కట్టి, ఎరువంతా దానికే పోసి, పాత కొమ్మలు ఎండిపోతున్నా పట్టించుకోలేదు. నేను కిటికీలోంచి దాన్ని చూసి ఏడవని రోజు లేదు. క్వార్టర్సులో ఏటా జరిగే చలికాలపు పూల పోటీలో కప్పు ఆ కొమ్మకేనని వీధంతా ముందే తేల్చేసింది.

పోటీ దగ్గర పడ్డాక మొగ్గలు విచ్చాయి. గుత్తులు గుత్తులుగా, రూపాయి బిళ్లంతేసి, వెలిసిపోయిన గులాబీ రంగు పూలు! నర్సరీవాళ్లు కట్టిన అంటుకు కింద ఉన్న అడవి గులాబీ పెరిగి పైనున్న పసుపు గులాబీని చంపేసింది. ఆవిడ మురిసిపోతూ నీళ్లు పోసిందీ, నేను కుళ్లుకుంటూ చూసిందీ ఆ అడవి కంపనే.

కప్పు నా ఎర్ర గులాబీకి వచ్చింది. ఆ సాయంత్రం అక్కయ్య వీధి దాటి మా గోడ దగ్గరకొచ్చింది. "నీకొక్క కొమ్మ ఇస్తే అయిపోతుండె. గా చెట్టు మీ ఇంట్లనన్న బతుకుతుండె గద, చెల్లె" అంది. జాలిపడాల్సింది, కానీ నాకు మంట ఇంకా ఎక్కువైంది. నిజమే, అది నా ఇంట్లో బతికేది. ఆ రకం మళ్లీ ఆ నర్సరీకి రానే లేదు.

మొన్న ఒక కట్ట కొనుక్కొచ్చి గాజు గ్లాసులో పెట్టి, అపార్ట్‌మెంట్ కారిడార్ వైపు కిటికీలో ఉంచాను. అందరూ అటుగానే లిఫ్టుకు వెళతారు. పూలు వాడి రేకులు రాలేదాకా చూశాను. ఒక్క కొమ్మ ఇమ్మన్నవాళ్లు లేరు, కనీసం వాసన లేదన్నవాళ్లయినా లేరు.