వెంట మనిషి

దయ్యాలున్నాయంటే నవ్వే మనిషిని నేను. నల్లగొండ జిల్లాలో ఒక సర్కారు దవాఖానలో నర్సును. ఎందరి కళ్లు మూశానో, ఎన్ని శవాలకు తెల్లగుడ్డ చుట్టానో నాకే గుర్తులేదు. ఒక్కరూ లేచి వచ్చి పలకరించలేదు. ఇప్పుడు చెప్పబోయేది చదివి నాకు పిచ్చి అనుకుంటే అనుకోండి, నాకేం ఫికర్ లేదు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎక్కడా రాసి ఉండదు, కానీ అందరూ పాటిస్తారు. పేషెంటుకు వెంట మనిషి ఉండాలి. స్కానింగుకు తోసుకుపోవడానికి, మందులు తేవడానికి, ఆపరేషన్ అయ్యేదాకా మూట, చెప్పులు పట్టుకుని తలుపు బయట కూర్చోవడానికి. వెంట మనిషి లేకపోతే మంచం దొరకదు. రోడ్డు మీద బతికేవాళ్లకు వెంట మనిషి ఎక్కడినుంచి వస్తారు?

ఒక ఎండాకాలం అట్లాగే ఒక అవ్వ మా సైకిల్ స్టాండు రేకుల కింద పడి ఉండేది. కాలికి చీము పట్టింది. వార్డులో చేర్చుకోమని గొంతు చించుకున్నాను. వెంట ఎవరూ లేరన్నారు. చేసేది లేక రేకుల కిందనే సెలైన్ పెట్టాను. మోచేతి కింద తేలు పచ్చబొట్టు, దాని మీదుగా అడ్డంగా కాలిన మచ్చ. నరం దొరక్క ఆ చేతిని చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. రెండు మూడు రోజులకే పోయింది. ఒళ్లు నేనే కడిగాను. ఆమె పేరు కూడా మాకు తెలియదు.

వానలు పడ్డాక నార్కట్‌పల్లి చౌరస్తా నుంచి ఎల్లయ్యను తెచ్చారు. హైవే హోటళ్ల దగ్గర పెట్టింది తిని, మూసిన దుకాణాల ముందు పడుకునే మనిషి. కాలి పుండులో పురుగులు. ఆ రోజే వేళ్లు తీసేయకపోతే దక్కడని సర్జన్ చెప్పారు. చెప్పి, అలవాటుగా, “వెంట ఎవరున్నరు?” అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి “నేనున్న” అని వినపడింది.

పట్టపగలు. వార్డు నిండా జనం. ముదురాకుపచ్చ చీర కట్టుకుని, కొంగు ముఖం మీదికి లాక్కున్న ముసలామె నిలబడి ఉంది. సర్జన్ ఆమెను చూసి తలూపారు. ఎల్లయ్య మూటను, చెప్పులను ఆయా ఆమె చేతికిచ్చింది. ఆమె పోయి థియేటర్ బయట బల్ల మీద కూర్చుంది. నాకైతే ప్రాణం లేచొచ్చింది.

కాసేపటికి చాయ్ తీసుకుపోయాను. గ్లాసు అందుకోవడానికి చెయ్యి చాచింది. తేలు. దాని మీదుగా కాలిన మచ్చ.

ముఖంలోకి చూసే ధైర్యం లేకపోయింది.

“పో బిడ్డా, నీ పని జూస్కో. నేనీడ్నే ఉంట” అంది.

వెళ్లిపోయాను. నిజంగానే పని ఉంది మరి.

ఆపరేషన్ అయ్యాక వచ్చి చూస్తే బల్ల మీద మూట, చెప్పులు, ఖాళీ గ్లాసు ఉన్నాయి. ఆమె లేదు. మెలకువ వచ్చాక ఎల్లయ్యను అడిగాను. “నాకెవ్వరున్నరు సిస్టరమ్మా? గా అవ్వ ఎవరో నాకేమెర్క” అన్నాడు. సర్జన్‌ను, ఆయాను కూడా అడిగాను. ఇద్దరికీ ఆమె గుర్తుంది, చీర రంగుతో సహా. నేనొక్కదాన్నే చూసి ఉంటే నిద్ర చాలక భ్రమపడ్డాననుకునేదాన్ని.

తెల్లారి హెడ్ సిస్టర్ వచ్చింది. “గీయన వెంట ఎవ్వరు లేరంట గదా, బయటికి పంపుండ్రి” అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. “పంప మేడం. మనం బయట పడేసి సంపినామెనే వచ్చి కావలి గూసున్నది. బతికున్నోళ్లే గావాల్నంటే నన్ను రాస్కోండ్రి” అన్నాను, వార్డంతా వినేటట్టు. మెమో ఇస్తామన్నారు. ఇచ్చుకోమన్నాను.

ఎల్లయ్య పుండు మానేదాకా మంచం మీదనే ఉన్నాడు. ఆ తర్వాత నా డ్యూటీలో ఎవరూ లేరనే మాట మీద ఒక్క మనిషిని బయటికి పోనివ్వలేదు. తోటి సిస్టర్లు కూడా వంతులేసుకుని తలుపు బయట కూర్చుంటున్నారు. వెనక నన్ను దయ్యాల సిస్టర్ అని నవ్వేవాళ్లున్నారు. నవ్వనీయండి.

తేలు పచ్చబొట్టు చాలామందికి ఉంటుందని మా ఆయన అంటాడు. ఉంటుంది. ఆ మచ్చ? ఆ చేతిని కడిగింది నేను, ఆయన కాదు.

ఆమె ఎట్లా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఎందుకు రావలసి వచ్చిందో అడగండి, ఎవరి ముందైనా చెబుతాను.