బావ కట్టిన గోడ

ఆ పట్నానికి వారపత్రిక ఒకటే, దానికి విలేకరీ ఒక్కడే. ఊరందరికీ ఆయన ‘కుర్చీల విలేకరి’. ఒకసారి ఒక పెద్దమనిషి సభకు ఇసకేస్తే రాలనంత జనం వచ్చారని పెద్ద పేపర్లన్నీ రాశాయి. ఈయన మాత్రం వరసలు లెక్కపెట్టి, ‘కుర్చీలు రెండు వందల పన్నెండు, కూర్చున్నవారు అరవై ఒక్కరు, అందులో పద్నాలుగురు కుర్చీలు వేయడానికి వచ్చినవారే’ అని రాశాడు. ఆ దెబ్బతో పెద్దమనిషి ఏడాదిపాటు కుర్చీ కనబడితే తుమ్మేవాడట. తుమ్ముల సంగతి ఎలా ఉన్నా, లెక్క మాత్రం నిజం.

చూడనిది రాయడు, చూసినా కొలవనిది రాయడు. అలాంటివాడు రెండు నెలల కిందట బడి ప్రహరీ గోడ లోపలికి వాలడం చూశాడు. కాంట్రాక్టు పట్టి కట్టింది సాక్షాత్తూ అక్క మొగుడు. చూసీ చూడనట్టు పోదామనుకున్నాడు గానీ మనసొప్పక బావ చెవిన వేశాడు.

“వానలు తగ్గనీ బామ్మర్దీ, చూద్దాం” అన్నాడు బావ.

వానలు తగ్గాయి. బావ చూడలేదు. పిల్లలు మాత్రం మధ్యాహ్నం ఆ గోడ నీడనే టిఫిను డబ్బాలు విప్పుతున్నారు.

ఇక లాభం లేదని ఒక గురువారం మేస్త్రీ దగ్గర దారం కట్టిన గుండు అడిగి తెచ్చి, గోడ పైనుంచి వేలాడదీశాడు. అడుగున దారానికీ గోడకూ నాలుగు వేళ్ల ఎడం. బావకు ఫోన్ చేసి పునాది ఎంత లోతని అడిగాడు. “రెండడుగులు. రాసుకో, నీకదే పనిగా” అని బావ ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం ప్రెస్సులో సంపాదకుడు ఆ వార్తను రెండుసార్లు చదివాడు.

“కట్టింది మీ బావగారే కదండీ?”

“స్వయానా.”

“పేరు తీసేద్దామా? అక్కగారింట్లో మీకు మంచినీళ్లు కూడా పుట్టవు.”

“పరాయివాడైతే తీసేవాళ్లమా? వేయండి. ఆయన నాకు బావని కూడా వేయండి. రేపు ఎవడో కనిపెట్టి చెప్పేకన్నా మనమే చెప్పుకోవడం మర్యాద.”

శనివారం పేపరు వచ్చింది. టీ కొట్టువాడు గ్లాసు అందిస్తూ, “వచ్చేవారం మామగారి వంతా అండీ?” అన్నాడు. చిన్నప్పుడు చంకనెత్తుకుని తిప్పిన అక్క ఫోన్ చేసి, “నీకు వార్తలు కరువైతే మా ఆయనే దొరికాడట్రా?” అని పెట్టేసింది. తమ్ముడు మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఆదివారం పొద్దున్నే బావ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

“తప్పు రాశావు.”

విలేకరి గబగబా పేపరు తెచ్చి విప్పాడు. “ఏది?”

“పునాది.”

“నువ్వు చెప్పిందేగా బావా.”

“బుద్ధి గడ్డి తిని చెప్పాను. వేసింది అడుగే. నిన్న సాయంత్రం ఇంజనీరు నీ పేపరు పట్టుకొచ్చి గోడ చూశాడు. రెండడుగులుంటే భయం లేదు, కర్రలు ఆన్చి సరిపెడదామన్నాడు. కర్రలకు ఆగదురా అది.”

“ఆ మాట ఆయనతో అన్నావా?”

“ఏ మొహం పెట్టుకుని అనను? నువ్వే దిద్ది రాయి.”

“పేపరు మళ్లీ శనివారం. పిల్లలొచ్చేది రేపు. బండి తీయి బావా.”

ఇంజనీరు ఇంటి ముందు విలేకరి బండి దగ్గరే ఆగిపోయాడు. బావ ఒక్కడే మెట్లెక్కి, తల వంచుకుని, చెప్పవలసింది చెప్పాడు.

మధ్యాహ్నం కూలీలు గోడకు పలుగు వేశారు. మూడో పోటు కోసం గోడ ఆగలేదు. డబ్బాలు విప్పుకునే చోట నిలువునా పడుకుంది. దుమ్ము అణిగాక విలేకరి దిగి పునాది కొలిచాడు. పదకొండు అంగుళాలు. బావ గొంతుక్కూర్చుని ఆ ఇటుకలనే చూస్తున్నాడు.

“ఇదీ రాస్తావా?”

“రాస్తాను. నువ్వే వచ్చి చెప్పావనీ రాస్తాను.”

బావ లేచి పంచె దులుపుకున్నాడు.

“మీ అక్కతో ఇంకా రెండడుగులనే చెప్పాను. ఇంటికొచ్చి నువ్వు చెప్పు.”

“నాతో మాట్లాడటం లేదుగా.”

“మాట్లాడకపోతే మానె, వింటుంది. నేను చెప్పాననుకో, నిజమో కాదో మళ్లీ నిన్నే అడగమంటుంది.”