శుక్రవారం నిప్పు

1944లో నేను పాకాలలో ఇంటింటికీ తిరిగి కాన్పులు చేసే మిడ్‌వైఫ్‌ని. యుద్ధం రోజులు. కిరసనాయిలు రేషన్‌లోకి వెళ్ళింది. కట్టెల బండి వీధిలోకి వస్తే బేరమాడే ధైర్యం కూడా మామూలు సంసారులకు లేకపోయింది. ఏ ఇంటికి వెళ్ళినా నా చూపు ముందు పొయ్యి మీదికే పోయేది. కలిగినవాళ్ళ పొయ్యిలో చింతకట్టెలుండేవి. కూలి తగ్గిన ఇంట్లో రాలిన ఆకులు, శనక్కాయల పొట్టు. పొట్టు భగ్గున మండి బూడిదైపోతుంది, తెల్లారేదాకా నిప్పు నిలవదు. అగ్గిపెట్టె కూడా కొనలేనివాళ్ళు పొద్దున్నే పిడక పట్టుకుని పక్కింటికి నిప్పుకు పోవాల్సిందే.

చెంగమ్మది అలాంటి ఇల్లే. భర్త గురవయ్య శనక్కాయల మిల్లులో కూలి. వాళ్ళ తొలిబిడ్డ పుట్టిన కొన్నాళ్ళకే దవడలు బిగుసుకుపోయి, పాలు తాగలేక చనిపోయింది. అది టెటనస్, అంటే ధనుర్వాతం. శుభ్రం లేని కొడవలితో బొడ్డు కోసినందువల్ల వచ్చింది. అందుకే ఈసారి చెంగమ్మ నన్ను ముందే పిలిచింది. కత్తెర, దారం స్టెరిలైజ్ చేయాలని, అంటే సలసల కాగే నీళ్ళలో ఉడికించాలని చెప్పాను. ఆ మాట పట్టుకుని ఆమె ఆకులు మంట పెట్టి సంగటి వండుకుంటూ, దొరికిన చింతకట్టెనల్లా కాన్పుకని అటక మీద దాచింది.

నొప్పులు మొదలైంది శుక్రవారం పొద్దున. కట్టెలున్నాయి, నిప్పే లేదు! అంగట్లో అగ్గిపెట్టెలు అయిపోయాయి. నా సంచిలోనూ లేదు. నిప్పు దొరకని వీధి ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. గురవయ్య ఇల్లిల్లూ తిరిగి ఉత్త పిడకతో వచ్చాడు.

"శుక్రవారం ఎవురిస్తారు నర్సమ్మా? నిప్పిస్తే ఇంట్లో లచ్చిమి పోతాదంట."

నాకు ఒళ్ళు మండింది. పక్కింటి కుప్పమ్మవ్వ గుమ్మం ముందు నిలబడి కడిగేశాను.

"అవ్వా, కత్తెర ఉడకకపోతే ఈ బిడ్డా దక్కదు. నీకు నీ లచ్చిమే ముఖ్యమా?"

అవ్వ గడపకు అడ్డంగా నిలబడింది. "మా యత్త కాలం నించీ శుక్రవారం ఈ గడప దాటి నిప్పు గానీ, పొయ్యి మీద కాగింది గానీ పోయింది లేదమ్మా" అంది. కాసేపు పొయ్యి వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా అంది: "నిప్పు బయటికి పోకూడదు గానీ, మనిషి లోపలికి రాకూడదని యాడుండాది? ఆ పిల్లను ఈడికే తీసుకురాపో."

"నీ యింట్లో పురుడా అవ్వా!" అన్నాడు గురవయ్య నోరెళ్ళబెట్టి. పరాయి పురుడు ఇంట్లో పడితే మైల. దీపం ఉండదు, పూజ ఉండదు. గుప్పెడు నిప్పు ఇవ్వలేనన్న మనిషి ఇల్లే ఇచ్చేసింది.

గురవయ్య కట్టెల మోపు ఎత్తుకోబోతే అవ్వ కసిరింది. "అవి ఆడే ఉండనీప్పా. రేపు బాలింతకు నీళ్ళు కాంచొద్దా?"

ఆడపిల్ల పుట్టింది. అవ్వ కాచిన నీళ్ళలో ఉడికిన కత్తెరతోనే బొడ్డు కోశాను. అప్పటినుంచీ చెంగమ్మ రెప్ప వేయకుండా బిడ్డ నోటినే చూస్తూ కూర్చుంది. వారం దాటాక నేను వెళ్ళేసరికి, "నర్సమ్మా, ఇట్ల రా, సూడు" అని పిలిచింది. బిడ్డ నోరంతా తెరిచి ఆవలించింది. చెంగమ్మ బావురుమంది. నేనూ ఏడ్చాను.

ఆ తర్వాత నా సంచిలోకి కత్తెర కంటే ముందు అగ్గిపెట్టె చేరింది. కాన్పుకు ఒప్పుకునే ముందు, మీ పొయ్యిలో ఏం మండుతుందని అడగడం కూడా ఆ కేసే నేర్పింది. ధరలు పెరిగితే పేదింటికి మొదట కరువయ్యేది తిండి అనుకునేదాన్ని. దానికంటే ముందు నిప్పు కరువవుతుంది.

కుప్పమ్మవ్వ మాత్రం మారలేదు. శుక్రవారం ఎవరికీ నిప్పు ఇవ్వలేదు. కానీ ప్రతి గురువారం పొద్దుగూకగానే పగిలిన కుండపెంకులో చింతనిప్పులు పెట్టుకుని చెంగమ్మ ఇంటికి తనే వచ్చేది. వాటిని పొయ్యిలో పోసి, పైన పిడక పెట్టి, బూడిద కప్పేది.

"తెల్లారేదాకా ఆరిపోకుండా సూసుకోమ్మే" అనేది. "రేపు శుక్రవారం గదా."