కొనేదెవరప్పా?

గాడిదలకు సంబంధం చూడ్డానికి, మే నెల ఎండలో, కాళ్ళకు చెప్పుల్లేకుండా, రాప్తాడు నుంచి విడపనకల్లు దాకా మూడు రోజులు నడిచిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే: గంగాధరప్ప సారు. ఈ మాట హైవే పక్క టీ బంకు దగ్గర వీరేష్ చెబుతుంటాడు. వీరేష్ పదో తరగతి మానేశాడు, ఐటీఐ మానేశాడు, చివరికి సారు క్లాసు కూడా మానేశాడు. మానేయడంలో డాక్టరేటు ఉన్నవాడు చెబుతున్నాడు కాబట్టి నమ్మి తీరాలి.

సారుకున్నది ఒకటే జబ్బు. ఎవరేం చెప్పినా "కొనేదెవరప్పా?" అంటాడు. మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాక, ఎరువుల అంగడి మిద్దె మీద ఒక గదిలో, సేద్యంతో వ్యాపారం పెట్టాలనుకునేవాళ్ళకు నలభై రోజుల పాఠాలు మొదలుపెట్టాడు. మునగాకు పొడి చేస్తానంటే, "కొనేదెవరప్పా?" నాటుకోళ్ళు పెంచుతానంటే, "కొనేదెవరప్పా?" వీరేష్ కథనం ప్రకారం, సారు పెళ్ళిచూపుల్లో కాబోయే మామ "మా పిల్ల అప్పడాలు బాగా చేస్తుంది" అంటే కూడా అదే అడిగాడట. పెళ్ళయి నలభై ఏళ్ళయింది. జ్యోతిలక్ష్మమ్మ ఇంతవరకు ఆ ఇంట్లో ఒక్క అప్పడం కాల్చలేదు.

మొదటి రోజు పదకొండు గంటలకు వీరేష్ వంతు వచ్చింది.

"గాడిదల డెయిరీ పెడతా సార్. లీటరు పాలు వేలల్లో పలుకుతాండాయంట. ఫోన్లో చూసినా."

"కొనేదెవరప్పా?"

"ఫోన్లో మాట్లాడినాయనే కొంటాడంట సార్."

"ఆయప్ప దగ్గర కొనేదెవరు?"

గది ఘొల్లుమంది. సారు ఇంకేదో అనబోయాడు గానీ, వీరేష్ అప్పటికే మెట్లు దిగేశాడు. కింద అంగడి ముందు నిలబడి, నలుగురూ వినేలా అరిచాడు: "ఈ మనిషికి పాఠం రాదప్పా! ప్రశ్నొకటే వచ్చు!"

పంతం కొద్దీ మూడు గాడిదలు తెచ్చాడు. మూడూ కలిసి పూటకు చెంబెడు పాలిచ్చేవి. ఫోనాయన ఫోనెత్తడం మానేశాడు. పాలు ఫ్రిజ్జులో పులిశాయి. ఆవు కోసం దాచిన వేరుశనగ మేతంతా గాడిదలు బోంచేశాయి. వానా లేదు, పచ్చగడ్డీ లేదు.

వీరేష్ తల్లి బయమ్మ మేత వామి అడుగు చూసి కొడుకు వైపు తిరిగింది. "మూడు గాడిదలకే మేత లేదు. నాలుగోదానికి నేను సంగటి కెలకాల్నా? వచ్చే నెల మొదటి సనివారం సంతకు ఆవును తోలుకుపోతా. మీ నాయన కట్టిన ఆవురా అది."

అప్పుడు వీరేష్ తన మీద తాను కోప్పడాల్సింది. కానీ సారు మీద కోప్పడ్డాడు. అంతకన్నా అది సులువు. ప్రతి బంకు దగ్గరా మెడ వంచి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, "కొనేదెవరప్పా?" అని సారును అనుకరించి చూపించాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. తర్వాతి బ్యాచికి ముప్పై కుర్చీలు వేస్తే పదకొండు మందే వచ్చారు. ఆ సంగతి కూడా వీరేష్ గొప్పగా చెప్పుకున్నాడు.

సంతకు రెండు రోజుల ముందు, గురువారం పొద్దున, తిప్పమ్మ అనే ముసలామె వాకిట్లోకి వచ్చింది. గాడిదను తోలుకుని ఊరూరా తిరుగుతూ, పసిపిల్లల తల్లులకు చెంచా లెక్కన పాలు అమ్మే మనిషి. ఆమె గాడిద ఈ మధ్యనే చచ్చిపోయింది. మూడింటి పళ్ళూ చూసి, "నాకొకటి, నా కోడండ్లకు రెండు" అంది.

"నీకెవరు చెప్పినారవ్వా?"

"మీ సారు. విడపనకల్లుకొచ్చి, ఊరంతా ఇచారించుకుంటా మా ఇంటికొచ్చినాడు. 'మావోని దగ్గర మూడుండాయి, కొనేది నువ్వేనమ్మా' అన్న్యాడు."

మావోడు! క్లాసు మధ్యలో లేచి వెళ్ళినవాణ్ణి, ఊరంతా వెక్కిరించినవాణ్ణి పట్టుకుని, మావోడు!

గాడిదలు అమ్ముడుపోయాయి, ఆవు నిలిచింది. వీరేష్ మాత్రం నిలవలేక, క్లాసులో పక్కన కూర్చున్న లహరి దగ్గరికి పరుగెత్తాడు. ఆమె ఇప్పుడు పుట్టగొడుగులు పెంచుతోంది.

"రోజూ అంతే కదన్నా" అంది లహరి. "పొద్దున సారు అడుగుతాడు. మనకు తెలీదంటే, మద్యాన్నం మనల్ని ఎంటబెట్టుకుని కొనేవాళ్ళను ఎతికేదానికి పోతాడు. నువ్వు పదకొండుకే పోతివి."

మధ్యాహ్నం పాఠం ఒక్కటి విని ఉంటే! వీరేష్ మిద్దె మెట్లెక్కాడు. గది నిండా ఎరువు మూటలు. పదకొండు మందికి గది ఎందుకని అంగడాయన వెనక్కి తీసుకున్నాడట.

ఊళ్ళోకి వదిలిన పాత కథలను వీరేష్ వెనక్కి పిలుచుకోలేడు. అందుకే కొత్తవి వదులుతున్నాడు. మొదట ఒక రోజు నడక, తర్వాత రెండు, ఇప్పుడు మూడు. మొన్న బంకు దగ్గర సారు అరికాళ్ళ బొబ్బల దాకా వచ్చాడు.

వెనక బెంచీ మీద గంగాధరప్ప సారు టీ గ్లాసు కింద పెట్టాడు.

"నడిచేదేందప్పా? బస్సులో పోయినా. కిటికీ పక్క సీటు దొరికింది."